కంప్యూటరు తన భాగాల గురించి ఏం చెబుతుంది?

మీ లాప్‌టాప్ తెర మీద ఒక మూల చిన్న బ్యాటరీ బొమ్మ ఉంటుంది. దాని పక్కన 63 శాతం అని కనిపిస్తోందనుకోండి. ఆ బొమ్మ గీసిన ప్రోగ్రాము బ్యాటరీని ముట్టుకోలేదు. ముట్టుకునే అధికారం దానికి లేదు. మరి 63 అనే అంకెను దానికి ఎవరు చెప్పారు?

చెప్పింది కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టం అనే మాట మీకు పరిచయమే. దాని నడిభాగమే కెర్నెల్. మామిడి టెంక లోపలి జీడి వంటిదన్నమాట. ప్రాసెసరు, మెమరీ, డిస్కు, కీబోర్డు, కెమెరా వంటి యంత్ర భాగాలతో నేరుగా మాట్లాడే అధికారం మామూలుగా దానిదే. మనం వాడే ప్రోగ్రాములు దాన్ని అడిగి తెలుసుకోవలసిందే. పూర్వం మన ఊళ్లలో ఏ సర్వే నంబరులో ఎంత భూమి ఉంది, అది ఎవరి సాగులో ఉంది అని తెలియాలంటే కరణం దగ్గరకు వెళ్లి అడంగల్ చూపించమని అడగవలసి వచ్చేది. కెర్నెల్ ఉద్యోగం కూడా అలాంటిదే. లెక్క ఎలా రాస్తాడు, ఎవరికి చూపిస్తాడు, రాసే పద్ధతిని ఉన్నట్టుండి మారుస్తాడా అనేవి రైతుకు ఎంత ముఖ్యమో, ప్రోగ్రాములకూ అంత ముఖ్యం. లినక్స్ కెర్నెల్ రాసే లెక్కలను ఆ దృష్టితో పరిశీలిద్దాం. లినక్స్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని మూలప్రతిని ఎవరైనా చదువుకోవచ్చు. పైగా ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ ఆ కెర్నెలే.

ఒక చిన్న మనవి. ఈ వ్యాసంలో ఫైళ్ల దారులను తెలుగు లిపిలో రాశాం. కంప్యూటరు మీద వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి.

అన్నీ ఫైళ్లే

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టారు. అందులో ఒక తెలివైన ఆలోచన ఉంది. యంత్ర భాగాన్ని కూడా ఫైలులాగే చూపిస్తే పోతుంది కదా! ఫైలును తెరవడం, చదవడం, రాయడం, మూయడం ప్రోగ్రాములకు ఎలాగూ తెలుసు. ప్రింటరును, టేపును, డిస్కును అవే నాలుగు పనులతో నడపవచ్చు. ఎవరికి చదివే హక్కు ఉంది, ఎవరికి రాసే హక్కు ఉంది అనే కాపలా కూడా ఫైళ్లకు ఉన్నదే సరిపోతుంది. ఇలాంటి ఫైళ్లన్నిటినీ /డెవ్ అనే డైరెక్టరీలో ఉంచారు.

చిత్రమేమిటంటే ఈ ఫైళ్లలో సమాచారం ఏమీ దాచి ఉండదు. ఒక్కోదానికి రెండు నంబర్లు మాత్రం ఉంటాయి. మొదటిది ఏ డ్రైవరును పిలవాలో చెబుతుంది. రెండోది ఆ డ్రైవరు చూసుకునే పరికరాలలో ఇది ఎన్నోదో చెబుతుంది. లినక్స్‌లో /డెవ్/నల్ అనే ఫైలు నంబర్లు 1, 3. ఏది రాసినా మింగేసే గొయ్యి అది. ఊళ్లో రైతు "మర్రిచెట్టు చేను" అంటాడు, కరణం సర్వే నంబరు అంటాడు. ఫైలు పేరు రైతు మాట, ఆ రెండు నంబర్లు కరణం మాట.

ఈ పద్ధతిని పొగడని పుస్తకం లేదు. పొగడ్తకు తగినదే. కాని అందులో ఒక పెద్ద లోటు ఉంది. /డెవ్‌లోని ఫైలు ద్వారా మీరు పరికరంతో మాట్లాడగలరు, పరికరం గురించి మాత్రం తెలుసుకోలేరు. దాన్ని ఎవరు తయారుచేశారు? దేనికి తగిలించి ఉంది? అసలు ఉందా లేదా? పేరు ఉన్నంత మాత్రాన వెనక పరికరం ఉన్నట్టు కాదు. ఒకప్పటి లినక్స్ కంప్యూటర్లలో ఎప్పుడైనా తగిలిస్తారేమోనని వేల కొద్దీ పేర్లు ముందే సృష్టించి ఉంచేవారు.

చదవడం, రాయడం అనే పనులలో ఇమడని వాటి కోసం 1979 నాటి ఏడో యూనిక్స్‌లో ఐఓసీటీఎల్ అనే పిలుపు వచ్చింది. దీనికి ఒక నంబరు ఇవ్వాలి, ఒక మెమరీ చిరునామా ఇవ్వాలి. ఏ నంబరుకు ఏ అర్థమో ఏ డ్రైవరు ఇష్టం దానిది. ముందు వాకిలి ముచ్చటగా కట్టి, రాకపోకలన్నీ దొడ్డిదారిన సాగించినట్టయింది.

సామాన్ల కొట్టు

1984లో టామ్ కిలియన్ ఎనిమిదో యూనిక్స్ కోసం /ప్రాక్ అనే డైరెక్టరీని తయారుచేశాడు. నడుస్తున్న ఒక్కొక్క ప్రోగ్రాము అందులో ఒక్కొక్క ఫైలుగా కనిపిస్తుంది. ఈ ఫైళ్లు డిస్కు మీద ఉండవు. మీరు తెరిచి చదివినప్పుడు కెర్నెల్ అప్పటికప్పుడు జవాబు చెబుతుంది. లినక్స్ ఈ ఆలోచనను తీసుకుంది. తీసుకుని, దానికి సంబంధం లేని సరుకంతా అందులో వేసింది. ప్రాసెసరు వివరాలు, మెమరీ లెక్క, ఇంటరప్టుల లెక్క, ఒకప్పుడు బ్యాటరీ లెక్క కూడా. నడిచే ప్రోగ్రాముల కోసం కట్టిన గది సామాన్ల కొట్టయింది.

దీని వల్ల ఏం నష్టం జరిగిందో తెలియాలంటే /ప్రాక్/సీపీయూఇన్ఫో అనే ఒక్క ఫైలు చూస్తే చాలు. మీకు లినక్స్ కంప్యూటరు అందుబాటులో ఉంటే తెరిచి చూడండి. ప్రాసెసరు పేరు, వేగం, దాని సామర్థ్యాలు వరుసగా ఉంటాయి. మనిషి చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. తంటా అంతా ప్రోగ్రాము చదవవలసి వచ్చినప్పుడే. ఎందుకంటే ఈ ఫైలు ఎలా ఉండాలన్న నియమమే లేదు. ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసం రాసినవారు ఒక తీరున రాశారు, ఏఆర్ఎం వారు ఇంకో తీరున, ఐబీఎం పెద్ద యంత్రాలవారు మరో తీరున రాశారు. పాత ఏఆర్ఎం కెర్నెళ్లలో "ప్రాసెసర్" అనే మాట పెద్ద అక్షరంతో ఒకసారి వచ్చేది. అది చిప్పు పేరు. తర్వాత అదే మాట చిన్న అక్షరంతో ఒక్కో కోర్‌కు ఒకసారి వచ్చేది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడకుండా ఆ మాటలు లెక్కపెట్టిన ప్రోగ్రాముకు నాలుగు కోర్ల ఫోనులో ఐదు కోర్లు కనిపిస్తాయి!

జాక్ అనే శబ్ద సాఫ్ట్‌వేర్ మూలప్రతి చూస్తే ఈ గందరగోళం ఇంకా బాగా తెలుస్తుంది. దానికి ప్రాసెసరు వేగం కావలసి వచ్చింది. ఇంటెల్ యంత్రంలో "సీపీయూ మెగాహెర్ట్జ్" అనే వరుస కోసం, పవర్‌పీసీలో "క్లాక్" అనే వరుస కోసం, ఏఆర్ఎం వంటి వాటిలో "బోగోమిప్స్" అనే వరుస కోసం వెతుకుతుంది.

బోగోమిప్స్ అంటే ఏమిటి? కెర్నెల్‌కు అప్పుడప్పుడు కొన్ని మైక్రోసెకన్లు ఊరికే ఆగవలసి వస్తుంది. అందుకోసం ఖాళీగా తిరిగే ఒక చిన్న చుట్టు ఉంటుంది. కంప్యూటరు మొదలైనప్పుడు ఆ చుట్టు సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుందో కొలుస్తారు. ఆ కొలతే బోగోమిప్స్. బోగస్ అనే మాట నుంచి పుట్టిన పేరు. ఇది నిజమైన వేగం కాదు సుమా అని పేరులోనే చెప్పారన్నమాట.

తర్వాత ఏఆర్ఎం యంత్రాలలో ఆగడానికి చుట్టుకు బదులు గడియారాన్ని వాడడం మొదలైంది. దాంతో ఈ అంకెకు ప్రాసెసరు వేగంతో ఉన్న కాస్త చుట్టరికమూ పోయింది. అర్థం లేని అంకె ఎందుకని 2013లో ఏఆర్ఎం కెర్నెల్ నుంచి దాన్ని తీసేశారు. సబబైన పనే కదా? కాని కొందరి యంత్రాలలో శబ్దం ఆగిపోయింది. "సీపీయూ మెగాహెర్ట్జ్ దొరకలేదు" అంటూ సాఫ్ట్‌వేర్ మొరాయించింది. 2015 జనవరిలో ఆ అంకెను తిరిగి తెచ్చి అదే ఫైలులో పెట్టారు. వినియోగదారుల ప్రోగ్రాములు చెడకూడదన్నది లైనస్ టోర్వాల్డ్స్ పట్టుదలగా పాటించే నియమం.

నియమం మంచిదే. కాని దాని పర్యవసానం గమనించండి. కెర్నెల్ ఏ ఒప్పందమూ రాసి ఇవ్వలేదు. ఎవరో ఒకరు చదవడం అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటే ఒప్పందమయింది. అబద్ధమని పేరులోనే చెప్పుకున్న అంకె కూడా శాశ్వత హక్కు సంపాదించుకుంది. ఈ పద్ధతి మీద నా మొదటి అభ్యంతరం ఇదే.

ఒక ఫైలుకు ఒకే విలువ

ఈ కొట్టును సర్దడానికి ప్యాట్రిక్ మోకెల్ సిస్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేశాడు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో అది అందరికీ చేరింది. /సిస్ అనే డైరెక్టరీలో యంత్రమంతా ఒక చెట్టులా కనిపిస్తుంది. ఏ తీగకు ఏ కంట్రోలరు, దానికి ఏ డిస్కు తగిలించి ఉందో కొమ్మలు పట్టుకుని వెళ్లి చూడవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, ఒక ఫైలులో ఒకే విలువ ఉండాలన్నది. /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0/కెపాసిటీ అనే ఫైలు తెరిస్తే 63 అని మాత్రమే ఉంటుంది. వెతకనక్కరలేదు, విడదీయనక్కరలేదు, పెద్దక్షరం చిన్నక్షరం గొడవ లేదు. పీసీఐ కార్డు వెండర్ ఫైలు తెరిస్తే తయారీదారు నంబరు ఉంటుంది. ఇంటెల్ నంబరు 8086. ఆ కంపెనీ 1978లో తెచ్చిన ప్రసిద్ధ చిప్పు పేరునే నంబరుగా తీసుకుంది!

విద్యార్థి దృష్టితో చూస్తే ఇది గొప్ప కానుక. ఏ కంపైలరూ లేకుండా, ఒక్క "క్యాట్" ఆదేశంతో తన యంత్రాన్ని తాను చదువుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల లేని కళాశాలలో కూడా చిప్పు వేడి ఎలా పెరుగుతుందో, బ్యాటరీ ఎలా తరుగుతుందో నిమిషనిమిషానికి రాసుకుని గ్రాఫు గీయవచ్చు.

అయితే గ్రాఫు గీయబోయేవారు ప్రమాణాల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. హార్డ్‌వేర్ కొలతల విభాగం ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యో వంతులలో ఇస్తుంది. 45 డిగ్రీలుంటే 45000 అని రాస్తుంది. అదే కెర్నెల్‌లో బ్యాటరీ విభాగం ఉష్ణోగ్రతను డిగ్రీలో పదో వంతులలో ఇస్తుంది. అక్కడ 45 డిగ్రీలంటే 450. రెండూ సెల్సియసే, ఒకే చెట్టులో రెండు కొమ్మలు. ఫైలులో మాత్రం ప్రమాణం రాసి ఉండదు. ఒక ఫైలుకు ఒకే విలువ అన్న నియమం ప్రమాణాన్ని బయటకు నెట్టేసింది. భౌతికశాస్త్రం పరీక్షలో ప్రమాణం రాయకపోతే మీకు మార్కులు పోతాయి. కెర్నెల్‌కు మార్కులు తగ్గించేవారు లేరు.

బ్యాటరీలో మిగిలి ఉన్నదెంత అన్న ప్రశ్నకూ రెండు భాషలున్నాయి. కొన్ని లాప్‌టాప్‌లలో ఛార్జ్_నౌ అనే ఫైలు ఉంటుంది. అది మైక్రో ఆంపియర్ గంటలు. మరి కొన్నిటిలో ఎనర్జీ_నౌ ఉంటుంది. అది మైక్రో వాట్ గంటలు. మొదటిది విద్యుదావేశం, రెండోది శక్తి. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే వోల్టేజితో గుణించాలి. వోల్టేజి మాత్రం బ్యాటరీ తరుగుతున్న కొద్దీ మారుతూ ఉంటుంది. బ్యాటరీ లోపలి చిప్పు ఏ లెక్క చెబితే ఆ లెక్క అందించాం, మా సొంత కవిత్వం కలపలేదు అని కెర్నెల్ రచయితలు అనవచ్చు. ఆ మాటలో నిజాయితీ ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పే కరణమే మేలు. కాని ఆ కారణంగా బ్యాటరీ బొమ్మ గీసే ప్రతి ప్రోగ్రామూ రెండు లెక్కలూ నేర్చుకోవలసి వచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. ప్రస్తుతం ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో కావాలనుకోండి. వోల్టేజి ఒక ఫైలులో, కరెంటు ఇంకో ఫైలులో. మొదటిది చదివి రెండోది తెరిచేలోగా రెండూ మారిపోవచ్చు. ఒకే క్షణంలో తీసిన జత కావాలని అడగడానికి ఇక్కడ దారి లేదు. నెమ్మదిగా మారే బ్యాటరీకి ఇది పెద్ద లోపం కాదు. వేగంగా మారే వాటికి పెద్ద లోపమే.

ఆ లోపం ఎక్కడ బయటపడిందో రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డులతో పని చేసే విద్యార్థులకు తెలిసే ఉంటుంది. ఆ బోర్డు పిన్నులకు బల్బు తగిలించి వెలిగించడానికి /సిస్/క్లాస్/జీపీఐఓ అనే దారి ఉండేది. ఒక ఫైలులో పిన్ను నంబరు రాయాలి, ఇంకోదానిలో దిశ రాయాలి, మూడోదానిలో 1 లేదా 0 రాయాలి. ఎంత తేలికో! కాని ఎనిమిది పిన్నులను ఒకేసారి మార్చాలంటే కుదరదు, ఒకదాని తర్వాత ఒకటి మార్చాలి. పిన్ను తీసుకున్న ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోతే ఆ పిన్ను అలాగే తెరిచి ఉండిపోతుంది. ఆ పిన్ను ఏ ప్రోగ్రాముదో రాసుకునేవారు లేరు. అందుకని 2016లో 4.8 కెర్నెల్‌తో ఈ దారిని పాతదిగా ప్రకటించి, /డెవ్‌లో జీపీఐఓచిప్ అనే ఫైలును తెచ్చారు. దాంతో పని చేయాలంటే మళ్లీ ఐఓసీటీఎల్ పిలుపే! 1979 నాటి దొడ్డిదారికే తిరిగి వచ్చారు. తప్పు పట్టడం లేదు. చెప్పడానికి అక్షరాలు బాగుంటాయి, గట్టిగా పట్టుకుని పని చేయించడానికి పిలుపు బాగుంటుంది. ఈ రెండిటినీ కలిపి చూసినందువల్లే చిక్కు వచ్చింది. ఇబ్బంది ఏమిటంటే చాలా పాఠాలలో ఇప్పటికీ పాత దారే కనిపిస్తుంది. మీ పుస్తకంలోనూ అదే ఉంటే, లిబ్‌జీపీఐఓడీ అనే లైబ్రరీ గురించి మీ మాస్టారిని అడగండి.

పేరు ఎవరు పెట్టాలి?

పేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2000 సంవత్సరంలో కెర్నెలే పేర్లు పెట్టే డెవ్‌ఎఫ్‌ఎస్ వచ్చింది. డిస్కుకు అది పెట్టిన పేరు /డెవ్/ఐడీఈ/హోస్ట్0/బస్0/టార్గెట్0/లన్0/డిస్క్. ఎవరు కొడతారండీ అంత పేరు? 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్‌ను తెచ్చాడు. ఫలానా పరికరం తగిలించారు అన్న కబురు పంపడం మాత్రమే కెర్నెల్ పని. దానికి ఏ పేరు పెట్టాలన్నది బయట నడిచే ప్రోగ్రాము పని. సంగతి చెప్పేవాడు ఒకడు, నిర్ణయించేవాడు ఇంకొకడు. సరైన విభజన అని నా అభిప్రాయం. కొద్ది ఏళ్లలోనే డెవ్‌ఎఫ్‌ఎస్ కనుమరుగయింది.

ఈ చెట్టును వాడుకునే ప్రోగ్రాములు కూడా కొంత తప్పు చేస్తాయి. కొలతల విభాగంలో హెచ్‌డబ్ల్యూమాన్0, హెచ్‌డబ్ల్యూమాన్1 అని డైరెక్టరీలుంటాయి. ఆ నంబర్లు కనబడిన వరుసను బట్టి ఇచ్చినవి. కంప్యూటరు మళ్లీ మొదలుపెడితే మారవచ్చు. నిన్న ప్రాసెసరు వేడి చూపిన 1, ఇవాళ డిస్కు వేడి చూపవచ్చు. ప్రతి డైరెక్టరీలో నేమ్ అనే ఫైలు ఉంటుంది. ముందు దాన్ని చదివి, తర్వాతే కొలత చదవాలి. నంబరు నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. దారిలో ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టుకోవద్దు, అవి మారతాయి అని కెర్నెల్ పత్రాలలో స్పష్టంగానే రాశారు. కాని కళ్లెదుట కనిపించే దారిని చూసి, ఇది మారుతుందని ఎవరు అనుకుంటారు? వాడేవాళ్లు నియమాలు చదవలేదని నిందించే ముందు, చదవకపోయినా తప్పు జరగని విధంగా ఎందుకు కట్టలేదో కూడా అడగాలి.

అలా కట్టిన వారున్నారు. సోలారిస్‌లో పరికరాల చెట్టును చూడడానికి ఒక లైబ్రరీ ఇచ్చారు. లోపల ఏం మారినా లైబ్రరీ పిలుపులు మారకుండా చూసుకున్నారు. విండోస్‌లో కూడా ప్రోగ్రాములు రాతపూర్వకంగా ప్రకటించిన పిలుపుల ద్వారానే అడుగుతాయి. ప్రోగ్రాములకు ఆ పద్ధతే క్షేమం. నష్టం నేర్చుకునేవారికి. ఒక అంకె చూడాలన్నా ప్రోగ్రాము రాయాలి. నా మట్టుకు నాకు రెండూ ఉండాలి. మనిషి చూడడానికి చెట్టు, ప్రోగ్రాము అడగడానికి లైబ్రరీ. లినక్స్‌లోనూ అలాంటి లైబ్రరీలున్నాయి. కాని అవి వాడినా సరే, మానినా సరే అన్న ధోరణిలో ఉండిపోయాయి.

రాతపూర్వకమైన హామీ అసలే లేదనలేం. కెర్నెల్ మూలప్రతితో పాటు ఏబీఐ అనే డైరెక్టరీ వస్తుంది. ఏ ఫైలులో ఏముంటుందో, ఏ ప్రమాణంలో ఉంటుందో అందులో రాస్తారు. స్థిరమైనవి ఒక చోట, ఇంకా పరీక్షలో ఉన్నవి ఒక చోట, పాతబడినవి వేరొక చోట. తెరిచి చూస్తే అత్యధికం పరీక్షలో ఉన్న వాటిలోనే కనిపిస్తాయి. ఏళ్ల తరబడి కోట్ల యంత్రాలలో వాడుతున్న బ్యాటరీ ఫైళ్ల వివరణ కూడా అక్కడే ఉంది. ఇన్నేళ్లూ ఇంకా పరీక్షేనా?

ఎవరికి చూపించాలి?

ఇప్పటిదాకా ఎలా చెప్పాలన్నది చూశాం. అసలు చెప్పవచ్చునా అన్న ప్రశ్నను యూనిక్స్ కాలంలో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ప్రాసెసరు వేడి, ఇంటరప్టుల లెక్క వంటి వాటిలో రహస్యమేముంటుంది అనుకున్నారు.

ఫోను తెర మీద వేలు కదిపినప్పుడల్లా తెర నుంచి ప్రాసెసరుకు ఇంటరప్టు వెళుతుంది. /ప్రాక్/ఇంటరప్ట్స్‌లో ఆ లెక్క పెరుగుతుంది. 2016లో కొందరు పరిశోధకులు ఆండ్రాయిడ్ ఫోనులో ఈ లెక్కను పదేపదే చదివి, అది పెరిగే వేళలను బట్టి వినియోగదారు గీసే తాళపు గీత ఏదై ఉండవచ్చో ఊహించే వీలుందని చూపించారు. తెరను చూడలేదు, వేలిని చూడలేదు, ఊరికే లెక్కలు చూశారు. తర్వాతి ఆండ్రాయిడ్ వెర్షన్లలో మామూలు అప్లికేషన్లకు ఆ తలుపు మూశారు.

2020 నవంబరులో ఇంకో సంగతి వెలుగులోకి వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎంత శక్తి ఖర్చయిందో కొలిచే మీటరు ఉంటుంది. లినక్స్ ఆ అంకెను /సిస్‌లో ఎవరైనా చదివేలా ఉంచింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారూ, వారితో కలిసి పని చేసిన ఇతర పరిశోధకులూ ఆ అంకెలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులను గణాంక పద్ధతులతో విశ్లేషించారు. ఏ ఆదేశం, ఏ విలువ మీద పని చేస్తోందన్న దాన్ని బట్టి ఖర్చు కొంచెం మారుతుంది. ఆ కొంచెమే చాలింది. కెర్నెల్ తనను తాను మెమరీలో ఎక్కడ దాచుకుందో పసిగట్టగలిగారు. కొన్ని పరిస్థితులలో రహస్య సంకేతాల తాళాలను కూడా రాబట్టగలిగారు. ఈ దాడికి ప్లాటిపస్ అని పేరు పెట్టారు.

లినక్స్ వారు చేసిన చికిత్స చిన్నది. ఆ ఫైలును చదివే హక్కు నిర్వాహకుడికి మాత్రమే ఉంచారు. ఫైలుకు ఉన్న కాపలాయే పరికరానికీ సరిపోతుందన్న 1969 నాటి ఆలోచన ఇక్కడ ఆదుకుంది. ఒక్క అనుమతి మారిస్తే పని అయిపోయింది. అయితే తన ప్రోగ్రాము ఎంత కరెంటు తాగుతోందో ఆ ఫైలు చూసి కొలుచుకునే విద్యార్థికి కూడా అదే రోజు నుంచి నిర్వాహకుడి పాస్‌వర్డు కావలసి వచ్చింది. ఆ ఫైలు సెకనుకు ఒక్కసారి మాత్రమే మారేలా చేసి, సన్నని వివరాలు తీసేసి అందరికీ చూపించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అంకెను మొరటుగా చేస్తే దాడి కష్టమవుతుంది కాని ఆగిపోతుందని చెప్పలేం. దాడి చేసేవాడు ఇంకా ఎక్కువసేపు కూర్చుని సగటు తీస్తాడు. ఎంత మొరటుగా చేస్తే చాలునన్నది సంభావ్యతా సిద్ధాంతంతో తేల్చవలసిన లెక్క.